కొండవైపు తొమ్మిది వందల అడుగులు

ఆ ఏడాది నా డైరీలో ఒకే ఒక్క పేజీ ఖాళీగా ఉంది. రాయడానికి సంగతి లేక కాదు. ఆ రోజు ఉన్నంత సంగతి మిగతా రోజులన్నీ కలిపినా లేదు.

నాకు మాటలు తక్కువ. బడిలో పేరు పిలిస్తే చెయ్యెత్తుతానే కాని పలకను. "మా కదెక్ నోటికి తాళం వేసి, చెవి డైరీలో దాచుకుంది" అంటాడు మా అన్నయ్య గెడె. ఆ డైరీలో పెద్ద విషయాలేమీ ఉండవు. ఏం కూర తిన్నాం, ఎవరొచ్చారు, ఎక్కడికి ఎన్ని అడుగులు. అడుగులు లెక్కపెట్టడం నాకు చిన్ననాటి అలవాటు. మా వాకిలి నుంచి బడికి వెయ్యిన్నూట పన్నెండు. గుడికి నాలుగు వందల ఆరు. కొండవైపు మా లవంగతోట మొదలయ్యే చోటికి ఎనిమిది వందల యాభై.

మా దగ్గర ఎవరూ ఎడమ, కుడి అనరు. కొండవైపుని కాజా అంటాం, సముద్రంవైపుని కెలోద్ అంటాం. "ఆ పళ్ళెం కాస్త కాజాకి జరుపు" అంటుంది అమ్మ. పడుకుంటే తల కాజాకి, కాళ్ళు కెలోద్‌కి. దాని గురించి ఎవరూ ఆలోచించరు. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటి దారి వెతుక్కోదు కదా.

వానలు మొదలయ్యాక మా బడికి కంప్యూటర్ చెప్పడానికి వికాంతి టీచర్ వచ్చింది. ద్వీపం దక్షిణపు కొస నుంచి. మొదటి రోజు గంట కొట్టిన అరగంటకి, తడిసిన చెప్పులతో తరగతిలోకి వచ్చింది. ఆ రోజు వాన లేదు. ఎందుకు తడిశాయో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

మూడో వారంలో ఆమె నాకు అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి ఇచ్చింది. దానికి ఎలుకతోకలాంటి యాంటెన్నా.

"గాలిలో ఏమేం తిరుగుతున్నాయో ఇది వింటుంది కదెక్. విన్నదంతా రాసిపెడుతుంది. పైకి ఒక్క మాటా మాట్లాడదు" అంది. కాస్త ఆగి, "నీకు సరిజోడు" అంది.

వెదురుకి కట్టి వంటింటి మీద నిలబెట్టాను. నాన్న తలెత్తి చూశాడు. మా నాన్న దార్తా ఊరి కావలివాళ్ళలో ఒకడు. పండగలొస్తే నడుముకి నలుపూ తెలుపూ గళ్ళ గుడ్డ చుట్టుకుని దారులు కాస్తాడు.

"ఇంటి గుడి శిఖరం కన్నా జానెడు పైకుంది. దించు."

రెండు జానలు దించాను.

ఆ పెట్టె మా వాడలో ప్రతి ఇంటి వైఫై పేరూ పట్టేది. ఒకరిది 'మేకమాంసం సూప్', ఇంకొకరిది 'పాస్‌వర్డ్ అడిగితే తంతా'. అన్నయ్య పెళ్ళి వీడియోలు తీసే డ్రోన్ ఆన్ చేస్తే మాత్రం అర్థంకాని గుర్తులు బారులు తీరేవి. డ్రోన్ గాలిలో ఉన్నంతసేపూ నేనెవరిని, ఎక్కడున్నాను, నన్ను ఎగరేసేవాడెక్కడున్నాడు అని చెప్పుకుంటూనే ఉంటుందట. చేసిన కంపెనీ మాత్రం దాన్ని ఏ లెక్కలో రాస్తుందో ఎవరికీ చెప్పదట.

"మనిషి తెలియని భాషలో పేరు చెప్పుకున్నట్టు" అంది టీచర్. "పేరు చెబుతున్నాడని తెలుస్తుంది. పేరు మాత్రం తెలియదు."

*

తొమ్మిదో మాసం పున్నమికి మా గుడి పండగ. పూజారి గంట పట్టుకుని తీర్థం పైకెత్తాడు. మేమంతా చేతులు నొసట పెట్టుకుని ఉన్నాం. తేనెటీగల తుట్టె కదిలిన చప్పుడు. కళ్ళు తెరిస్తే, పూజారి తలకి నిలువెత్తు పైన ఒక డ్రోన్ ఆగి ఉంది. దేవుడి గొడుగు అంచుల కుచ్చులు దాని గాలికి ఊగుతున్నాయి. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉండి, చెట్ల మీదుగా వెళ్ళిపోయింది.

దేవుడి తలకన్నా పైన, పూజారి తలకన్నా పైన, దేవుడు గుడిలోంచి బయటికొచ్చిన రోజున. అందరూ మావైపు తిరిగారు. మా నాన్న పక్కన అన్నయ్య కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంది.

అన్నయ్య అప్పుడు లవంగతోటలో ఉన్నాడు. ఎండిపోతున్న చెట్ల ఫొటోలు తీసి పంపమని మామయ్య అడిగాడట. ఒక్కడే వెళ్ళాడు. డ్రోన్ సంచిలోనే ఉంది.

సాయంత్రం సంఘం చావడిలో కొయ్యగంట మోగింది. మా బంజార్‌లో, అంటే వాడ సంఘంలో, ఇంటికొక మగవాడు చాపమీద కూర్చుంటాడు. ఆడవాళ్ళం మెట్ల దగ్గర. సంఘం పెద్ద ముదియాస్తా. ఆయన్ని పేరుపెట్టి ఎవరూ పిలవరు, కెలియన్ అనే అంటారు.

"ఊళ్ళో డ్రోన్ ఎవరికుంది?" అన్నాడు కెలియన్.

"నాకే" అన్నాడు అన్నయ్య. "కాని ఎగరేసింది నేను కాదు."

"మరి దానంతటది ఎగిరిందా? కోడిపెట్టైనా కాస్త రెక్కలు కొట్టుకుని చెబుతుంది నాయనా."

నవ్వులు. అన్నయ్యకి నవ్వు రాలేదు.

"నిరూపణ లేకుండా నేను ఎవరికీ శిక్ష వెయ్యను" అన్నాడు కెలియన్. "నిరూపణ అయితే మాత్రం ఆ ఇల్లు వెలి. అప్పుడు నా కాళ్ళ మీద పడొద్దు."

వెలి అంటే ఎవరూ మాట్లాడరు. పండక్కి పిలవరు, పనికి రారు. శ్మశానం మాది కాకుండా పోతుంది. మా తాత నాలుగేళ్ళుగా ఆ శ్మశానంలో మట్టి కింద ఉన్నాడు. మా ఊళ్ళో చనిపోయినవాళ్ళని ముందు పూడుస్తారు. అయిదేళ్ళకోసారి ఊరంతా కలిసి అందర్నీ లేపి దహనం చేస్తారు. ఆ ఎండాకాలమే ఆ అయిదో ఏడు. అది తప్పితే తాత ఇంకో అయిదేళ్ళు మట్టిలోనే. మా నానమ్మకి డెబ్భై ఎనిమిది.

నానమ్మ మెట్టు మీద కూర్చుని ఒళ్ళో కొబ్బరాకు చీలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక పెట్టె దించి చూశాను. పూజ వేళకి సరిగ్గా అన్నయ్య డ్రోన్ గుర్తుల్లాంటి బారులు ఉన్నాయి, మూడు వందలకి పైగా. ఒక చీటీ మీద రాసి నాన్నకిచ్చాను: 'ఎవరు ఎక్కడ నిలబడి ఎగరేశారో ఇందులో ఉంది. చదవడం ఇంకా రాదు.'

నాన్న రెండుసార్లు చదివాడు. పెట్టెలోంచి గోరంత కార్డు తీసి, జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"నాన్నా, అందులో ఏముందో చూడకుండానే ఇచ్చేస్తావా?" అన్నాడు అన్నయ్య.

"ఇంట్లో ఉంటే మనం మార్చామంటారు. నువ్వు చెయ్యలేదన్నావుగా?"

"చెయ్యలేదు."

"అయితే భయమెందుకు?" అని కెలియన్ ఇంటికి నడిచాడు. తిరిగొచ్చి నాతో అన్నాడు. "అమావాస్య ముందు సభ. ఆ రోజే అందరి ముందూ కార్డు తెరుస్తారట. అప్పటికి చదవడం నేర్చుకో."

*

పది రోజులు. డ్రోన్ గాలిలోకి లేవకూడదని కెలియన్ మాట. నాన్న దాని నాలుగు రెక్కలూ పీకి నడుం గుడ్డలో ముడివేసుకున్నాడు.

"రెక్కలు నా నడుముకుంటాయి. మిగతా మొండెంతో మీరేం చేసుకుంటారో చేసుకోండి."

టీచర్ నా పెట్టెకి కొత్త కార్డు ఇచ్చింది. ఎగరకపోయినా ఆన్ చేస్తే చాలు, డ్రోన్ తన సంగతి చెప్పుకుంటుంది. అందుకని మోసుకుతిరగాలి. నానమ్మ తన నైవేద్యం బుట్ట ఇచ్చింది.

"దేవుడికి అరటిపళ్ళు మోస్తావు చూడు, అలాగే మొయ్యి. మెడ కదలకూడదు."

డ్రోన్ని బుట్టలో పెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని, మా వాకిలి ముందు సందులో కాజాకి యాభై అడుగులు, ఆగి, ఇంకో యాభై. మళ్ళీ కెలోద్‌కి. తర్వాత పక్క సందులో తూర్పుకీ, పడమరకీ. ప్రతి మలుపులో డైరీ తీసి సమయం, ఏ వైపు ఎన్ని అడుగులు అని రాసేదాన్ని.

ఎదురింటి లుహ్ సెందరి అరుగు మీంచి అరిచింది. "ఏ దేవుడికే అమ్మాయ్ ఆ నైవేద్యం?"

నేను నోరు విప్పేలోపు లోపలి నుంచి నానమ్మ, "మీ నోళ్ళు మూయించే దేవుడికి! ప్రసాదం పంపిస్తాలే!"

రాత్రి భోజనం ముందు అరగంట టీచర్‌తో కూర్చునేదాన్ని. ఒక్కో బారులో నూటికి పైగా గుర్తులు, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, వాటితోపాటు ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు. కాగితాల మీద ఒక బారు కింద ఇంకో బారు రాసుకుని, మారనివన్నీ పెన్సిల్‌తో కొట్టేశాను. మొదట్లో మారకుండా ఉన్న పద్నాలుగు గుర్తులు అన్నయ్య డ్రోన్ అడుగున అతికించిన నంబరే. అది మొదటి రోజే తెలిసింది.

మిగతావి మొండికేశాయి. నాలుగో రోజు డ్రోన్ని రాతి మీద కదలకుండా పెట్టి, కాఫీ తాగి వచ్చి చూస్తే, అందులో రెండు గుర్తులు మాత్రం ఆగకుండా వణుకుతున్నాయి. ఉన్నచోటే ఉండి ఏది వణుకుతుంది? అన్నిటికన్నా చిన్నది. ఒకట్ల స్థానం. అయితే అది వరస చివర ఉండాలి కదా, ఇక్కడ మొదట్లో ఉంది. అంటే అంకెని తలకిందులుగా రాస్తున్నారు. తిప్పి చదివాను. కాజా వైపు నడిచినకొద్దీ అంకె తగ్గుతోంది. కెలోద్ వైపు నడిస్తే పెరుగుతోంది. యాభై అడుగులకి ఎంతో, నూరు అడుగులకి సరిగ్గా రెండింతలు.

ఆ సాయంత్రం డైరీలో ఒకే వాక్యం రాశాను: 'అది మాట్లాడింది.'

అలాంటివే ఇంకో జత అంకెలున్నాయి. నేనెంత నడిచినా అవి మారలేదు. అన్నయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు, చేతిలో డ్రోన్ని నడిపే రిమోట్, దానికి తగిలించిన ఫోన్.

"అన్నయ్యా, లేచి నడువు."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

వాడు గానుగెద్దులా వాకిలి చుట్టూ తిరిగాడు. ఆ జత మారింది. ఎగరేసేవాడు నిలబడ్డ చోటు.

"చూశావా నానమ్మా, నన్ను పశువుని చేసింది నీ మనవరాలు" అన్నాడు వాడు. వారం రోజుల్లో వాడు నవ్వడం అదే మొదలు.

ఆ అంకెలు ఎక్కణ్ణుంచి మొదలవుతాయో మాకు తెలియలేదు. తెలియక్కర్లేదు అంది టీచర్. మా వాకిలిని సున్నా అనుకుని, అక్కడి నుంచి ఎన్ని అడుగులు, ఏ వైపు అని లెక్క కడితే చాలు. నా డైరీ తీసుకెళ్ళి పట్టికంతా కంప్యూటర్లో ఎక్కించింది.

ఈలోగా కుర్రాళ్ళు అమావాస్య ఊరేగింపుకి భూతం బొమ్మ కడుతున్నారు. ఏటా దాని మొహం అన్నయ్యే చేస్తాడు. ఈసారి వాడు వెళితే జిగురు గిన్నె పక్కకి జరిపారట. మర్నాడు బొమ్మ నెత్తిన అట్టముక్కల రెక్కలు నాలుగు మొలిచాయి, డ్రోన్‌కి ఉన్నట్టే. అన్నయ్య చూసి, "రెక్కల కొలత తప్పురా, అలా అయితే లేవదు" అన్నాడట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

*

సభ రోజు కెలియన్ కార్డు ఉన్న కవరు అందరికీ చూపించి చించాడు.

"టీచరమ్మా, ముందే లెక్క చూసుకుని రాలేదు కదా?"

"లేదండి. ఇప్పుడే, మీ ముందే."

చాప మీద పెద్ద పటం పరిచారు, ఆకాశం నుంచి తీసిన మా ఊరు. ముందు ఆమె డ్రోన్ నంబరు చదివింది. పద్నాలుగు గుర్తులూ మెట్ల మీద కూర్చుని రాసుకున్నాను. అన్నయ్యది కాదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇది గెడె డ్రోన్ కాదు" అంది టీచర్.

"పోయినేడు సింగరాజా పట్నం నుంచి స్నేహితుడి డ్రోన్ తెచ్చి నా కూతురి పెళ్ళి తీసింది ఎవరు?" అన్నాడు కెలియన్. కోపంగా కాదు. "డ్రోన్ అరువు తెచ్చుకోవచ్చు. కాళ్ళు అరువు తెచ్చుకోలేడు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో అది చెప్పండి."

టీచర్ మీటలు నొక్కింది. తెర చూసింది. మళ్ళీ నొక్కింది. స్కేలు తీసుకుని పటం మీద వంగింది. మా వాకిలి నుంచి దక్షిణానికి తొమ్మిది వందల అడుగులు, తూర్పుకి నూట నలభై. అక్కడ ఎర్ర చుక్క పెట్టింది.

"అది మీ లవంగతోట కదా దార్తా?" అన్నారెవరో.

నాన్న పటం చూశాడు. "మాదే" అన్నాడు.

అన్నయ్య నావైపు చూశాడు. 'ఏం చేశావే' అన్నట్టు కాదు, 'నువ్వు నమ్ముతావా' అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. నా అంకెలు సరైనవి. మా అన్నయ్య అబద్ధమాడడు. రెండూ నాకు తెలుసు. మధ్యలో ఏదో తప్పింది. అది చెప్పడానికి లేచి నిలబడాలి, యాభై మంది మగవాళ్ళు తల తిప్పి చూస్తారు. నేను లేవలేకపోయాను.

"న్యెపి వెళ్ళాక చెబుతాను" అని కెలియన్ కవరు మడిచాడు.

*

న్యెపి మా కొత్త సంవత్సరం. ముందు రోజు సాయంత్రం నాలుగు రెక్కల భూతాన్ని ఊరేగించి తగలబెట్టారు. న్యెపి రోజు తెల్లవారి ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నిప్పు లేదు, దీపం లేదు, గడప దాటడం లేదు, పని లేదు. ద్వీపమంతా ఫోన్లకి నెట్ ఆపేస్తారు. నాన్న గళ్ళ గుడ్డ చుట్టుకుని కావలికి వెళుతూ వంటింటి మీదికి చూశాడు.

"ఆ పెట్టె ఆపు."

"వినడం కూడా పనేనా నాన్నా?"

"నీకు కాదు. దానికి పనే."

ఆపేశాను. డైరీ, కలం అమ్మ తన పెట్టెలో పెట్టింది. రాయడమూ పనే.

మధ్యాహ్నం నానమ్మ పక్కన పడుకున్నాను. కుక్కలు కూడా మొరగడం లేదు. నానమ్మ పైకప్పు చూస్తూ గుసగుసగా మాట్లాడుతోంది, నాతోనో తాతతోనో తెలియలేదు.

"నేను కాపరానికొచ్చిన మొదటి రాత్రి నిద్రపోలేదు, తెలుసా? మీ తాత వల్ల కాదులే, నవ్వకు. దిండు ఎటు పెట్టారో అటు తల పెట్టాను. నా పుట్టింటి లెక్కన చూస్తే తల ఉండాల్సిన చోట కాళ్ళున్నాయి."

"ఎందుకు?"

"మా ఊరు దక్షిణాన కదే. అక్కడ కొండ ఉత్తరాన ఉంటుంది. కొండ దాటి ఇటొచ్చేసరికి ఆ కొండే దక్షిణాన కూర్చుంది! కొండ కదల్లేదు, నేనే ఇటు వచ్చాను. కాని ఒంటికి తెలియద్దూ? కాజా అంటే నా ఒళ్ళు ఉత్తరానికే తిరిగేది. మా అత్త కాజా ఊటకెళ్ళి నీళ్ళు తెమ్మంటే కుండ పట్టుకుని తిన్నగా సముద్రంలోకి పోయాను. చీర మోకాళ్ళ దాకా తడిసింది. మీ తాత చచ్చేదాకా నవ్వాడు. సముద్రంలో మంచినీళ్ళు వెతికిన కోడలు అని."

నేను లేచి కూర్చున్నాను.

నానమ్మ నా మొహం చూసింది. "ఏమైందే?"

చెప్పాను. అంతకుముందెప్పుడూ నేను ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. టీచర్ దక్షిణపు మనిషి. నేను 'కాజా' అని రాశాను. ఆమె చెయ్యి దాన్ని 'ఉత్తరం' అని ఎక్కించి ఉంటుంది. తూర్పూ పడమరా ఎటూ పోవు. తక్కినవి రెండూ తారుమారై ఉంటాయి.

"ఇప్పుడే వెళ్ళి చెప్పాలి" అన్నాను.

"పడుకో. మీ తాత నాలుగేళ్ళు ఆగాడు. నువ్వు రేపు ఆరింటిదాకా ఆగలేవా?"

ఆగాను. మర్చిపోతానేమోనని ఆ రోజంతా పెదాల మీద ఒకే మాట తిప్పుకున్నాను. అందుకే ఆ పేజీ ఖాళీ.

*

మర్నాడు ఆరున్నరకి నేనూ అన్నయ్యా టీచర్ గది తలుపు కొట్టాం. జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. దారిలో ఏమేమో అనుకున్నాను కాని, నోట్లోంచి ఇది వచ్చింది.

"టీచర్, బడికొచ్చిన మొదటి రోజు మీ చెప్పులెందుకు తడిశాయి?"

ఆమె నవ్వింది. "ఎవరికీ చెప్పకు. బడికి దారి అడిగితే కాజాకి పొమ్మన్నారు. నేను చక్కగా నడిచి నడిచి అలల్లో..."

నవ్వు సగంలో ఆగింది. గుమ్మంలోంచి కొండవైపు చూసింది. సముద్రంవైపు చూసింది. లోపలికెళ్ళి కంప్యూటర్ తెరిచింది. నా పట్టికలో కాజా అని ఉన్నచోటల్లా ఆమె ఉత్తరం అని కొట్టింది, నలభై రెండు చోట్ల. వరసగా దిద్దింది. చుక్క పటం కింది నుంచి పైకి, తోటలోంచి ఇసుక అంచుకి జరిగింది. వాకిలి నుంచి కెలోద్‌కి తొమ్మిది వందల అడుగులు. అక్కడ నీలం రేకుల పడవల పాక ఒక్కటే ఉంది. కెలియన్ అల్లుడు అర్యాసాది. డాల్ఫిన్లు చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆ పాక నుంచే పడవలెక్కిస్తాడు, మిగతా వేళల్లో చేపలు పడతాడు.

"అమ్మో" అన్నాడు అన్నయ్య.

"పద" అన్నాను నేను.

న్యెపి మర్నాడు మా దగ్గర ఇంటింటికీ వెళ్ళి మన్నింపు అడుగుతారు. కెలియన్ అరుగు నిండా మనుషులు. ఆయన వచ్చినవాళ్ళందరికీ చేతులు జోడించి అదే మాట అంటున్నాడు. "తెలిసి చేసినా తెలియక చేసినా, నావల్ల తప్పుంటే మన్నించండి." నాన్న కూడా కావలి నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

టీచర్ మొత్తం చెప్పింది, తడిసిన చెప్పులతో సహా. ముసలివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

"దక్షిణపువాళ్ళకి కొండ ఎక్కడుందో దేవుడే చెప్పాలి!"

కెలియన్ కూడా నవ్వాడు. "సరే, మరి చుక్క ఇప్పుడెక్కడ పడింది?"

టీచర్ నావైపు చూసింది. నేను పటం విప్పి వేలు పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. అరుగు మీద నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అర్యాసా" అన్నాడు తలెత్తకుండా. "నీ దగ్గర డ్రోన్ ఉంటే దాని పెట్టె పట్రా."

"మామా, అది పడవల వీడియో కోసమని మొన్నే... నాకు అక్కడ పూజ అని..."

"పెట్టె."

అర్యాసా తెచ్చాడు. కెలియన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కింద అతికించిన చీటీ మీద వేలు ఆన్చాడు. "సభలో చదివిన నంబరు ఉందా?"

"ఉందండి, నేను..." అంటూ టీచర్ ముందుకొచ్చింది.

"మీరు కాదు. రాసుకుంది ఆ పిల్ల. ఆ పిల్లనే చదవమనండి."

డైరీ తెరిచాను. మొదటి గుర్తు నాకే వినపడలేదు. "గట్టిగా తల్లీ" అన్నాడాయన. మళ్ళీ మొదలుపెట్టాను. సున్నా. ఆరు. సి. రెండు. ఒక్కో గుర్తుకీ ఆయన వేలు ఒక్కో గుర్తు జరుగుతోంది. ఏడోదానికి నా గొంతు గేటు దాకా వెళ్ళింది, నాన్న తలెత్తడం కనిపించింది. పదో గుర్తు, పదకొండు. పన్నెండు, పదమూడు. చివరిది తొమ్మిది.

ఆయన వేలు ఆగింది. పెట్టెని పక్కన పెట్టి, లేచి, గేటు దాకా నడిచి మా నాన్న ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు. "తెలిసి చేసినా..." అన్నాడు. పొద్దుట్నుంచి నలభైసార్లు అన్న మాటే. ఈసారి సగంలో ఆగిపోయి, మళ్ళీ మొదట్నుంచి అనాల్సి వచ్చింది.

నాన్న తనూ చేతులు జోడించాడు. తర్వాత నడుం గుడ్డ ముడి విప్పి నాలుగు రెక్కలూ తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

*

గుడి శుద్ధి కెలియన్ ఇంటివాళ్ళే చేశారు, అర్యాసా స్వయంగా నీళ్ళు మోశాడు. వాళ్ళని వెలి వెయ్యాలా అని సభలో ఎవరో అడిగితే, మెట్ల మీంచి నానమ్మ, "వేస్తే మాకు చేపలెవరు తెస్తారు? వెయ్యకండి" అంది. ఆ మాటతో అది ముగిసింది. వికాంతి టీచర్ బడి గోడ మీద తన చేత్తో పెద్ద బాణం గీసి, కింద 'కాజా' అని రాసింది. పిల్లలు దాని పక్కన ఒక చెప్పు బొమ్మ గీశారు.

ఎండాకాలంలో తాతని లేపాం. ఊళ్ళో తాతతో కలిపి ముప్ఫై ఒక్క మందిని. పాడెగా కట్టిన వెదురు గోపురంలో తాతని మోస్తుంటే, కాజా వైపు బొంగు కెలియన్ భుజం మీద ఉంది. ఆయనే అన్నయ్యని పిలిచి డ్రోన్ ఎగరేయమన్నాడు, గుడి వైపు పోకుండా, పూజారి అవతలికి వెళ్ళాక. కింద వంటింటి మీద నా పెట్టె దాని ప్రతి మాటా రాసుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ బారుల్ని నేను పెన్సిల్ లేకుండానే చదువుతాను.

నాలుగు దారుల కూడలికి వచ్చాక వెదురు గోపురాన్ని మూడుసార్లు గిరగిరా తిప్పారు. పోయినవాళ్ళకి దిక్కులు తెలియకుండా పోవాలి, ఇంటికి తిరిగి దారి వెతుక్కోకూడదు. మోసేవాళ్ళు కేకలు పెట్టారు, దుమ్ము లేచింది, గోపురం ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది.

నానమ్మ నా భుజం పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వే.

"తిప్పండి, బాగా తిప్పండి" అంది. "కాజా ఏదో కెలోద్ ఏదో తెలియకపోతే ఎలా ఉంటుందో ఇప్పటికి తెలుస్తుంది ఆయనకి."